అత్తయ్య పద్దు పుస్తకం చూపించిన క్రెడిట్ కార్డు

రెండేళ్ల క్రితం సంగతి. దసరా బట్టలు కొనడానికి మాల్‌కి వెళ్లాం. ఎస్కలేటర్ దిగగానే టై కట్టుకున్న కుర్రాడొకడు "మేడమ్, ఒక్క నిమిషం" అని ఆపాడు.

"ఎయిర్‌పోర్ట్ లాంజ్ ఫ్రీ మేడమ్, మూడు నెలలకి రెండుసార్లు. ప్రతి 150 రూపాయలకీ రెండు పాయింట్లు. ఏడాది ఫీజు 2,500. మూడు లక్షలు వాడితే అదీ కట్టక్కర్లేదు!"

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారిదీ ప్రైవేటు ఉద్యోగమే. హైదరాబాద్ వనస్థలిపురంలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, మాతోపాటు మా అత్తయ్య. అలాంటి నాకు లాంజ్ ఎందుకని ఆ క్షణంలో అనిపించలేదు. సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ విమానం కోసం ఎదురుచూస్తున్నట్టు ఊహించుకుని సంతకం పెట్టేశా. ఆ ఏడాది మేం ఎక్కిన విమానాలు ఎన్నో తెలుసా? సున్నా. వెళ్లిందల్లా నల్గొండకి బస్సులో, తిరుపతికి రైల్లో.

ఫీజు తప్పించుకోబోయి...

పెట్రోలు, మందులు, కరెంటు బిల్లు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, పిల్లల స్కూలు ఫీజు అన్నీ కార్డు మీదే కట్టా. పదకొండు నెలలయ్యాక చూసుకుంటే, ఏడాది పూర్తయ్యేసరికి 2,54,000 అవుతుందని తేలింది. మూడు లక్షలకి ఇంకా 46,000 తక్కువ. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,950 కట్టాలి. "ఊరికే ఎందుకు కట్టాలి? ఎలాగూ టీవీ పాతదైంది కదా" అనుకుని 46,000 పెట్టి కొత్త టీవీ కొన్నా. నిజం చెప్పాలంటే పాత టీవీ బాగానే పనిచేస్తోంది.

ఆ నెల బిల్లు 60,500 వచ్చింది. నా దగ్గర 20,000 ఉంటే కట్టా. మిగతా 40,500 మీద కాస్త వడ్డీ పడుతుందిలే అనుకున్నా. మావారికి చెప్పలేదు.

బిల్లు మొత్తం కట్టకపోతే వడ్డీ మిగిలిన బాకీ మీదే కాదు, కొన్న రోజు నుంచీ లెక్కకొస్తుంది. పైగా ఆ తర్వాత కొనే పాల ప్యాకెట్ మీద కూడా అదే రోజు నుంచి వడ్డీ మొదలవుతుంది. మామూలుగా దొరికే నలభై అయిదు, యాభై రోజుల గడువు పోతుంది. నా కార్డు వడ్డీ నెలకు 3.6 శాతం, అంటే ఏడాదికి 43 శాతం పైమాటే. దాని మీద మళ్లీ జీఎస్టీ. రెండు బిల్లుల్లో కలిపి నాకు పడింది 5,200. తప్పించుకున్న ఫీజు 2,950!

"మందులు సగమే తెచ్చావేమ్మా?"

ఆ రెండో నెల చేతిలో డబ్బు ఆడక, అత్తయ్య బీపీ, షుగర్ మందులు పదిహేను రోజులకే తెచ్చా. రాత్రి భోజనాలయ్యాక ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"ఏమ్మా, ఈసారి మందులు సగమే తెచ్చావు?"

"షాపులో స్టాకు లేదత్తయ్యా" అన్నా.

"నేనే పొద్దున అడిగొచ్చా. ఉన్నాయన్నాడు" అంది.

ఇంక దాచలేకపోయా. టీవీ సంగతి, వడ్డీ సంగతి అన్నీ చెప్పేశా. మావారు అప్పుడే విన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "టీవీ కొన్నందుకు కాదు, నాతో చెప్పనందుకు బాధగా ఉంది" అన్నారు. అత్తయ్య మాత్రం లోపలికెళ్లి తన పద్దు పుస్తకం తెచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ ఇంటి ఖర్చు రాయడం ఆవిడకి అలవాటు.

"కార్డు సంగతి నాకు తెలీదు. మన డబ్బు ఎటు పోతోందో నాకు తెలుసు. ముందు ఇది చూడు" అంది.

నెల ఖర్చు నిజంగా ఎక్కడ?

మూడు నెలల పద్దులు కూడి సగటు తీశాం. నెలకు ఇలా తేలింది. ఇంటద్దె 14,000. కిరాణా 6,500. పాలు, కూరగాయలు, పళ్లు 5,000. పెట్రోలు 3,600. కరెంటు, గ్యాస్, ఫోన్లు 3,400. ఆన్‌లైన్ 3,000. మందులు 2,800. హోటలు, సినిమా 1,700. మొత్తం 40,000. స్కూలు ఫీజు ఏడాదికి విడిగా 80,000.

ఇప్పుడు నా కార్డు నిబంధనల కాగితం తీసి పక్కన పెట్టా. చదివితే కళ్లు తిరిగాయి. పెట్రోలుకి పాయింట్లు లేవు. కరెంటు, ఫోను బిల్లులకి లేవు. స్కూలు ఫీజుకి లేవు. అద్దె కార్డు మీద కడితే పాయింట్లు రాకపోగా ఒక శాతం ఛార్జీ. పాయింట్లు వచ్చేది మందులు, ఆన్‌లైన్, హోటలు... నెలకు 7,500 మీదే.

ఒక్కో పాయింటు విలువ పావలా. ఏడాది మొత్తానికి 1,200 పాయింట్లు, టీవీ మీద 613. కలిపి 453 రూపాయలు. వాటిని వాడుకోవడానికి 99 రూపాయల ఛార్జీ, దాని మీద జీఎస్టీ పోగా మిగిలింది 336. దానికోసం 5,200 వడ్డీ కట్టిన ఘనురాలిని నేను!

ఇంకో విషయం. మా ఇంట్లో అద్దె తర్వాత పెద్ద ఖర్చు కిరాణా. అది శెట్టి గారి కొట్లో, ఫోన్‌తో స్కాన్ చేసి కడతాం. ఆ కార్డు అక్కడ పనికేరాదు!

మా ఇంటికి సరిపడింది

రూపే క్రెడిట్ కార్డుల్ని యూపీఐకి జోడించుకునే సదుపాయం 2022 నుంచి ఉంది. కొట్లో క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు ఖాతాలోంచి కాకుండా కార్డు మీద పడుతుంది. మాకు కావాల్సింది ఇదేనని అర్థమైంది. వార్షిక ఫీజు లేనిది, పాయింట్ల గొడవ లేకుండా ఒక శాతం నేరుగా క్యాష్‌బ్యాక్ ఇచ్చేది వెతికి తీసుకున్నాం. మావారూ నేనూ కలిసే నిబంధనలు చదివాం. యూపీఐ చెల్లింపులకి క్యాష్‌బ్యాక్ ఉందా, నెలకు గరిష్ఠంగా ఎంత ఇస్తారు అన్నవి ముందే చూశాం. కొన్ని కార్డుల్లో యూపీఐకి అసలేమీ రాదు.

మొదటిరోజు శెట్టి గారు అడిగారు. "కార్డు అంటున్నారు, నాకేమన్నా కోత పడుతుందామ్మా?" చిన్న వ్యాపారులకి 2,000 లోపు చెల్లింపుల మీద కోత ఉండదని చెప్పా. నెల సామాను ఒకేసారి తెచ్చే బదులు వారం వారం తెచ్చుకుంటున్నాం. ఆయనకీ ఇబ్బంది లేదు. కూరగాయల బండి దగ్గర మాత్రం కుదరదు. అక్కడ ఉండేది చాలాసార్లు సొంత ఖాతా క్యూఆర్. వ్యాపారి క్యూఆర్ అయితేనే క్రెడిట్ కార్డు పనిచేస్తుంది.

కిరాణా, మందులు, హోటలు, ఆన్‌లైన్ కలిపి నెలకు 14,000. ఒక శాతం అంటే 140. ఏడాదికి 1,680. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఫీజు లేదు, అక్కర్లేని టీవీ కొనక్కర్లేదు.

అందరికీ ఇదే కార్డు మంచిదని నేననను. రోజూ బండి మీద తిరిగేవాళ్లకి పెట్రోలు కంపెనీతో కలిసి ఇచ్చే కార్డు నయం కావచ్చు. నెలకోసారి విమానం ఎక్కేవాళ్లకి లాంజ్ కార్డే లాభం. అన్నీ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఆ సైటు కార్డు కలిసొస్తుంది. మీ పద్దు పుస్తకంలో ఏ వరస పెద్దదో, ఆ వరసకి డబ్బులిచ్చే కార్డే మీ కార్డు. వచ్చే పాయింట్లని రూపాయల్లోకి మార్చి, ఫీజు, జీఎస్టీ తీసేసి చూడండి. మిగిలేదే అసలు లాభం.

పాత కార్డు వదిలించుకోవడం

బాకీ అంతా తీర్చి, ఉన్న పాయింట్లు వాడేసి, కార్డు మూసేయమని అడిగా. "ఫీజు సగం చేస్తాం మేడమ్, ఉంచుకోండి" అని రెండుసార్లు ఫోన్ చేశారు. వద్దన్నా. బాకీ లేకపోతే, అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు మనకే ఇవ్వాలి. ఆ మాట అనగానే నాలుగో రోజుకి మూసేశారు.

కొత్త కార్డుకి మొదట చేసిన పని, బిల్లు మొత్తం గడువు రోజున ఖాతాలోంచి దానంతటదే కట్టుబడేలా పెట్టడం. ఆ ఆప్షన్ దగ్గర "మినిమమ్ డ్యూ", "టోటల్ డ్యూ" అని రెండుంటాయి. జాగ్రత్తగా రెండోది ఎంచుకోండి. స్కాన్ చేస్తే చాలు కదా అని చెయ్యి జారకుండా, కార్డు మీద పెట్టిన ప్రతి రూపాయీ ఆ రాత్రే పుస్తకంలో రాస్తున్నాం. ఇప్పుడు రాసేది నేను, పక్కన కూర్చుని కూడేది అత్తయ్య.

మొన్న మందులకి వెళ్తుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

"నెలకి సరిపడా తే అమ్మా. ఆ వచ్చే డబ్బులు ఎంతో రాసుకుందాం."

2,800 మందులకి 28 రూపాయలు వచ్చాయి. అత్తయ్య ఆ అంకెని పుస్తకంలో జమ వైపు రాయించింది.