బాత్‌రూమ్ కొటేషన్: టైల్స్ వెనక ఏముందో అడగండి

‘పాతది పగలగొట్టి టైల్స్, ప్లంబింగ్, వాటర్ ప్రూఫింగ్ అన్నీ కలిపి 2 లక్షలు.’ ఫ్లాట్‌లో బాత్‌రూమ్ బాగుచేయిద్దామనుకున్న కుటుంబానికి ఇలాంటి ఒక్క లైను కొటేషన్ వాట్సాప్‌లో రావడం మామూలే. ఇంకో కాంట్రాక్టర్ రెండు పేజీలు రాసిచ్చి 2 లక్షల 40 వేలు అంటారు. మొదటిదే చవక అనిపిస్తుంది. కానీ అందులో ఏ పని ఉందో, ఏది లేదో తెలియనప్పుడు ఆ రెండింటినీ పోల్చడమెలా?

ముందు టేపు తీసుకుని కొలవాలి. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు బాత్‌రూమ్‌కి నేల 40 చదరపు అడుగులు. నాలుగు గోడలు కలిపి 26 అడుగులు. 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్ వేస్తే 182. తలుపు జాగా 17 తీసేస్తే 165. అంతా కలిపి 205. కటింగుకీ విరుగుళ్లకీ 10 శాతం కలిపినా 225 దగ్గర ఆగుతుంది. కాగితం మీద 280 కనిపిస్తే లెక్క చెప్పమనాలి. టైల్ ధర ‘అడుగుకి 50 రూపాయల వరకు’ అని ఉండి, షాపులో 80 రూపాయలది నచ్చితే 6,750 రూపాయల తేడా ఇంటివాళ్ల మీదే పడుతుంది.

అసలు డబ్బు పెట్టాల్సింది కంటికి కనిపించని చోట. టైల్ నచ్చకపోతే సర్దుకోవచ్చు. కింది ఫ్లాట్ సీలింగ్ చెమ్మెక్కితే కొత్త టైల్సే మళ్లీ పగలగొట్టాలి. అందుకే ‘వాటర్ ప్రూఫింగ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. పాత బెడ్డింగ్ స్లాబ్ దాకా తీస్తారా? ఏ కంపెనీ మెటీరియల్, ఎన్ని కోటింగులు, గోడ మీద ఎంత ఎత్తు వరకు? పైపుల చుట్టూ, మూలల్లో ఏం చేస్తారు? ఇవన్నీ రాసి ఉండాలి. కోటింగ్ ఆరాక, టైల్స్ వేయకముందే, డ్రెయిన్ మూసి కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద నుంచి చూడాలి. ఈ పరీక్షకి ఒప్పుకోని కాంట్రాక్టర్‌కి, రేటు ఎంత తక్కువైనా, పని ఇవ్వకపోవడమే మంచిది.

గోడలో దాక్కునే పైపులదీ అదే సంగతి. వేడినీళ్ల లైనుకి సీపీవీసీ పైపే వాడాలి. మామూలు యూపీవీసీ ఆ వేడికి ఆగదు. ఐఎస్ 15778 గుర్తు ఉన్న పైపు అని కొటేషన్‌లో రాయించుకోవాలి. గాడి పూడ్చకముందే పైపులకి ప్రెషర్ టెస్ట్ చేయించాలి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి విడిగా లైను, 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్ తప్పవు. షాక్ నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ కూడా కావాలి. కరెంటు పని తన లెక్కలో లేదని కాంట్రాక్టర్ సగం పని అయ్యాక చెబితే, ఇంటివాళ్లకి బేరమాడే వీలుండదు.

‘అదనం’ అని చివర చిన్నగా రాసేవి చాలా ఉంటాయి. పగలగొట్టిన చెత్త కిందికి మోసేదెవరు, లారీ కిరాయి ఎవరిది? హైదరాబాద్‌లో నిర్మాణ వ్యర్థాల కోసం జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ప్లాంట్లున్నాయి. చెరువు గట్టున పారబోయడానికి వీల్లేదు. కమోడ్, ట్యాపులు ఇంటివాళ్లే కొనిస్తే బిగింపు కూలీ అందులోనే ఉందా? ‘జీఎస్టీ అదనం’ అంటే 18 శాతం లెక్కన 2 లక్షల మీద 36 వేలు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ పన్ను వసూలు చేయకూడదు కాబట్టి నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

డబ్బు కూడా పని నడిచే కొద్దీ ఇవ్వాలి: పగలగొట్టాక కొంత, నీళ్ల పరీక్ష గట్టెక్కాక కొంత, టైల్స్ అయ్యాక కొంత. చివరి వాయిదాగా పదో వంతు ఆపుకుంటామని ముందే కాగితం మీద రాయించుకోండి. బాత్‌రూమ్ పది రోజులు వాడి, కింది ఇంటివాళ్ల సీలింగ్ చూసి వచ్చాకే అది చెల్లించండి.