రెండు ఇనుప బిళ్లల ఆల్టర్నేటర్

స్కాట్లండ్ వాయవ్య తీరాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన చిన్న భూభాగం స్కోరేగ్. అక్కడికి మోటారు రోడ్డు లేదు. పడవలో వెళ్లాలి, లేదంటే కొండవారగా నడవాలి. కరెంటు లైనూ లేదు. గాలికి మాత్రం ఏ లోటూ లేదు. 1970లలో అక్కడ కాపురం పెట్టిన హ్యూ పిగట్ తుక్కు సామానుతో గాలిమరలు కట్టడం మొదలుపెట్టారు.

ఇలాంటి పనికి ఎవరికైనా మొదట తట్టేది పాత కారు ఆల్టర్నేటర్. అది ఇంజను వేగానికి పుట్టిన యంత్రం. నిమిషానికి వెయ్యి చుట్లు దాటితే గానీ సరిగా చార్జి చేయదు. రెండు మీటర్ల వ్యాసం గల గాలిమర మోస్తరు గాలిలో మూడు వందల చుట్లు తిరిగితే గొప్ప. మధ్యలో బెల్టు పెడితే ఉన్న కాస్త శక్తీ రాపిడికి పోతుంది. పైగా దాని లోపలి అయస్కాంతానికే కరెంటు పెట్టాలి. మందగాలిలో పుట్టే నాలుగు వాట్లు ఆ పెట్టుబడికే చాలవు.

అందుకని పిగట్ వ్యాను బ్రేకు డ్రమ్ము లోపలి గోడకు అయస్కాంతాలు అంటించి తిప్పారు. యంత్రం పనిచేసింది కానీ చేయడం కష్టం. మామూలు మోటారులో రాగి చుట్టలు కూర్చునేది పల్చటి ఇనుప రేకులు పేర్చిన దిమ్మలో. మన ఊళ్ల రివైండింగ్ షాపులో మేస్త్రీ కాలిపోయిన తీగ తీసి కొత్తది చుడతాడు, ఆ దిమ్మ జోలికి పోడు. పిగట్ యంత్రానికీ అలాంటి దిమ్మే కావాలి, దాన్ని తయారు చేయడం ప్రెస్సులున్న ఫ్యాక్టరీ పని.

ఆ దిమ్మ అవసరం లేకుండా చేసింది నియోడిమియం అయస్కాంతం. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ వేర్వేరుగా దాన్ని సాధించారు. స్పీకర్ల వెనక ఉండే నల్లటి ఫెర్రైట్ కంటే ఇది దాదాపు పది రెట్లు శక్తి దాచుకుంటుంది. ఇంత బలముంటే అయస్కాంత క్షేత్రం ఇనుము సాయం లేకుండానే చుట్టలను దాటిపోగలదు.

దాంతో యంత్రం రూపమే మారింది. హబ్బుకు బిగించిన రెండు ఇనుప బిళ్లలు, ఒక్కోదాని మీద ఉత్తర దక్షిణాలు మార్చి మార్చి పన్నెండు అయస్కాంతాలు. రెండు అట్లపెనాలు ఎదురెదురుగా నిలబెట్టినట్టు ఉంటాయి. వాటి నడుమ సందులో కదలకుండా నిలిచేది తొమ్మిది రాగి చుట్టలున్న రెసిన్ పలక. నిజానికి ఈ ఆకారం పాతదే. 1831 అక్టోబరులో మైకేల్ ఫారడే అయస్కాంత ధ్రువాల మధ్య తిప్పింది చదునైన రాగి బిళ్లనే.

ఎనామిల్ తీగను ప్లైవుడ్ చెక్కల మధ్య చేత్తో తిప్పే చిన్న చట్రం మీద చుడతారు. 12 వోల్టులకు బదులు 24 కావాలంటే చుట్లు రెట్టింపు, తీగ అడ్డుకోత వైశాల్యం సగం. చుట్టకీ చుట్టకీ మధ్య కోణం 40 డిగ్రీలు. పన్నెండు ధ్రువాలంటే ఆరు జతలు కాబట్టి విద్యుత్తు లెక్కలో అది 240 డిగ్రీలు అవుతుంది. అందువల్ల 1, 4, 7 చుట్టలు ఒకే ఫేజులో పడతాయి, మిగతావి రెండు ఫేజులుగా సర్దుకుంటాయి. ఈ లెక్క అర్థమైతే సగం యంత్రం అర్థమైనట్టే. మర నిమిషానికి మూడు వందల చుట్లు తిరిగితే వచ్చేది 30 హెర్ట్జ్ కరెంటు. డయోడ్ల గుండా బ్యాటరీకి పోయేదే కనుక మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్‌తో పోలిక పెట్టనక్కర్లేదు.

చుట్టలను ప్లైవుడ్ అచ్చులో పేర్చి, గాజుగుడ్డ పరిచి, టాల్కం పౌడరు కలిపిన రెసిన్ పోస్తారు. పౌడరు వేసేది సోకుకి కాదు. రెసిన్ ఖర్చు తగ్గుతుంది, గట్టిపడేటప్పుడు మరీ వేడెక్కదు.

బిగింపు దగ్గర నిదానం కావాలి. రెండో బిళ్లను చేత్తో దించబోతే అయస్కాంతాలు లాగేసి వేళ్లు నుజ్జు చేస్తాయి. పొడవాటి స్క్రూల మీద కొంచెం కొంచెంగా దించాలి.

చుట్టల్లో ఇనుము లేదు కాబట్టి అయస్కాంతాలు ఎక్కడా పట్టి ఆపవు, మందగాలికే మర కదులుతుంది. అదే దీని బలహీనత కూడా. పుట్టిన వేడిని బయటికి మోసుకుపోయే లోహం లేదు, తుపాను రోజున చుట్టలు మాడిపోవచ్చు. అందుకే తోకను వాలుగా మడతబందు మీద కడతారు. గాలి హద్దు మీరితే తోక మడుచుకుని మర పక్కకు తిరుగుతుంది.

ఉప్పుగాలి మరో శత్రువు. పూత చెదిరిన నియోడిమియం తుప్పు పట్టి ఉబ్బి రెసిన్ పలకను రాస్తుంది. 2011 ప్రాంతంలో చైనా ఎగుమతుల కట్టడితో అయస్కాంతాల ధర ఆకాశానికి ఎక్కినప్పుడు కొందరు మళ్లీ ఫెర్రైట్ వైపు చూశారు. యంత్రం బరువెక్కినా తుప్పు బెడద తప్పింది.

తర్వాత సోలార్ పలకలు చవకై, కరెంటు కోసమే అయితే ఇదంతా చేసే పని లేకుండా పోయింది. స్కోరేగ్ సంగతి వేరు. డిసెంబరులో అక్కడ పగలు ఏడు గంటలైనా ఉండదు, గాలి బలంగా వీచేదీ ఆ చలికాలంలోనే.