సెల్యులోజ్ తర్వాతి స్థానం జైలాన్‌ది

నేల మీది చెట్టూ చేమా అల్లుకునే చక్కెర గొలుసుల్లో మొదటి స్థానం సెల్యులోజ్‌ది. రెండో స్థానం జైలాన్‌ది. మొదటిదాని పేరు బడిపిల్లలకూ తెలుసు. రెండోదాని పేరు చదువుకున్నవాళ్లలోనూ చాలామంది విని ఉండరు. ఇది అన్యాయం అనిపిస్తుంది నాకు. జైలోజ్ అనే చక్కెర వరసగా గొలుసు కడితే అదే జైలాన్. వరిగడ్డిలో ఉంది, చెరకు పిప్పిలో ఉంది, గోధుమ పొట్టులో ఉంది. గింజలొలిచి పారేసే మొక్కజొన్న బెండులోనైతే ఎండు బరువులో దాదాపు మూడో వంతు ఇదే.

అతి పెద్ద కణానికి గోడ

సముద్రంలో పెరిగే కాలెర్పా అనే ఆకుపచ్చ నాచుకు తీగ, ఆకులు, వేళ్లలాంటివి అన్నీ ఉంటాయి. అయినా అంతా కలిపి ఒకే ఒక్క కణం! లోపల కేంద్రకాలు లెక్కలేనన్ని, అడ్డుగోడ ఒక్కటీ లేదు. ఈ జాతిలో కాలెర్పా టాక్సిఫోలియా తీగ మీటర్ల కొద్దీ సాగుతుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఏకకణ జీవిగా దీన్నే చెబుతారు. 1984లో మొనాకో తీరంలో కనబడి, తర్వాత మధ్యధరా సముద్రంలో విపరీతంగా పాకిపోయింది. ఇంత పెద్ద కణాన్ని నిలబెట్టే గోడలో ప్రధాన పదార్థం సెల్యులోజ్ కాదు, జైలాన్. నేల మొక్కల్లో ఒక చక్కెర ఒకటో కర్బనం పక్క చక్కెర నాలుగో కర్బనాన్ని పట్టుకుంటే, ఇక్కడ మూడోదాన్ని పట్టుకుంటుంది. ఆ కాస్త తేడాకే గొలుసులు మెలితిరిగి, మూడేసి కలిసి పేనిన తాడులా బిగుసుకుంటాయి.

నాచు నుంచి కుష్ఠు మందు దాకా

ఐర్లండ్ తీరంలో జనం ఎండబెట్టి తినే డల్స్ అనే ఎర్ర నాచులో రెండు రకాల లంకెలూ కలిసే ఉంటాయి. అందుకే దాని జైలాన్ నీళ్లలోనే కరుగుతుంది. సముద్రపు నాచుల్లో జైలాన్ ఉందని 1940లో రాసినవారు రసాయన శాస్త్రవేత్తలు విన్సెంట్ బ్యారీ, థామస్ డిలన్. అదే బ్యారీ బృందం 1954లో డబ్లిన్‌లో క్షయ మందు కోసం వెతుకుతూ క్లోఫాజిమిన్ తయారుచేసింది. కుష్ఠు రోగులకు మన ప్రభుత్వ ఆసుపత్రులు ఇచ్చే మందుల్లో అదొకటి.

గ్లాసులో చూడొచ్చు

ఒక చెంచా ఇసబ్‌గోల్ గ్లాసెడు నీళ్లలో వేసి కాసేపు ఆగండి. పొట్టు ఉబ్బి, అంచులు చెదిరి, గ్లాసు వంచినా జారని జిగురవుతుంది. అది కొమ్మలు విపరీతంగా వేసిన జైలానే. దాన్ని కోసే ఎంజైము మన పేగుల్లో లేదు. అక్కడి బ్యాక్టీరియా కూడా దాన్ని పెద్దగా అరిగించలేదు. కాబట్టి పట్టిన నీటిని చివరిదాకా వదలదు, మలబద్ధకం వదిలిస్తుంది. ఇసబ్‌గోల్ సాగులో, ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం భారతదేశానిదే. గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్ దీనికి పెట్టింది పేరు.

బెండులోంచి తీపి

జైలాన్‌ను బయటికి లాగడం పేరుకు సులువే. పొడిచేసిన బెండును కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, వడకట్టి, ఆమ్లంతో తటస్థీకరించి ఆల్కహాల్ పోస్తే తెల్లటి తునకలుగా కిందికి దిగుతుంది. చిక్కల్లా, ఆ క్షారం జైలాన్‌కు అంటుకుని ఉన్న అసిటైల్ గుంపుల్ని ఊడగొడుతుంది. తర్వాత అది నీళ్లలో సరిగా కరగదు. వాటిని కాపాడుకోవాలంటే ఆవిరితో ఉడికించే పద్ధతి మేలు.

ఆమ్లంతో గొలుసును తెంపితే జైలోజ్, దానికి హైడ్రోజన్ జోడిస్తే జైలిటాల్. తీపి పంచదారంత, కేలరీలు మూడో వంతుకు పైగా తక్కువ. పళ్లను పుచ్చబెట్టే సూక్ష్మజీవులకు పనికిరాదు. 1970లలో ఫిన్లండ్‌లోని తుర్కు నగరంలో జరిగిన అధ్యయనాలు ఈ సంగతి చాటాయి. 1975లో ఫిన్లండ్‌లోనే బర్చ్ చెక్క నుంచి పెద్ద ఎత్తున తయారీ మొదలైంది. కుక్కలకు మాత్రం ఇది విషం. ఒక్కసారిగా ఇన్సులిన్ ఎగదన్ని, రక్తంలో చక్కెర పడిపోతుంది. జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్ వాటికి అందనివ్వకండి.

ఓట్ పొట్టు గుట్టలు పేరుకుపోయిన క్వేకర్ ఓట్స్ సంస్థ 1922లో అమెరికాలోని సీడర్ ర్యాపిడ్స్‌లో అదే జైలాన్ నుంచి ఫర్ఫ్యురాల్ తీసింది. కందెన నూనెల శుద్ధికి వాడే ద్రావణి అది.

బీచ్ చెట్టు జైలాన్‌కు సల్ఫేట్ చేర్చి చేసిన పెంటోసాన్ పాలీసల్ఫేట్‌కు మూత్రాశయ నొప్పి మందుగా 1996లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి రెటీనా దెబ్బతిన్నట్టు 2018లో వైద్యులు గుర్తించారు. అప్పటినుంచి ఈ మందు వాడేవారికి కంటి పరీక్షలు కూడా చేయించుకోమంటున్నారు.