మడత పెట్టడానికి మూడు నెలల ట్రైనింగా?

మన సోలాపూర్ పూర్వభాగంలో ఇప్పుడు ఏ చౌకులో నిలబడ్డా ఒక మాట వినబడుతున్నది. "పిల్లగాడు ట్రైనింగుకు పోతున్నడు." పగార్ ఎంత అని అడిగితే తల్లి మొఖం పక్కకు తిప్పుకుంటది. మూడు నెలలు ఏమీ ఇయ్యరట. ఆ తర్వాత "చూస్తం" అన్నరట. ఆ ఒక్క "చూస్తం" మాట పట్టుకొని పిల్లలు రోజూ డబ్బా కట్టించుకొని పోతున్నరు.

నేను నాలుగో తరగతి దాకే చదివిన. చట్టాలు నాకు రావు. కానీ పని చేయడం అంటే ఏందో, పని నేర్చుకోవడం అంటే ఏందో ముప్పై ఎనిమిదేండ్లు మగ్గాల చప్పుడులో బతికినోడిగా నాకు తెలుసు. ఆ తేడా చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

నేను మగ్గం నేర్చుకున్నప్పుడు మొదటి నెలంతా ముడి వేయడమే. తెగిన పడుగు పోగును వెతకాలె, ముడి వేయాలె, అచ్చులోంచి తీసి మళ్లీ నడిపించాలె. ముడి లావైతే గుడ్డలో గంటు కనబడతది, చిన్నగైతే రెండు గజాలకే ఊడిపోతది. తర్వాత నాడెలో కండె అయిపోకముందే మార్చడం. అన్నిటికన్నా కష్టం చెవి. నాడె కొట్టే చప్పుడు కొంచెం మారితే చాలు, ఎక్కడో ఏదో తప్పిందని తెలియాలె. అది ఎవరూ మాటలతో చెప్పలేరు, నిలబడి నిలబడి రావలసిందే. రెండు మగ్గాలు ఒక్కడినే చూసుకునేసరికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో నేను పాడుచేసిన గుడ్డకు లెక్క లేదు. అయినా కార్ఖానా సేఠ్ వారం వారం చాయ్ ఖర్చు, బియ్యం ఖర్చు అని చేతిలో ఏదో పెట్టేటోడు. నేర్పిన పెద్దాయనకు నా వల్ల సగం పని పోయేది. దాన్ని నేర్చుకోవడం అంటరు.

ఇప్పుడు మా వీధి పిల్లగాని సంగతి చూడండి. పన్నెండు పాసైండు, ఏడాదిన్నర ఇంట్లోనే ఉన్నడు. ఒక టవళ్ల యూనిట్ వాళ్లు (పేరు ఎందుకు, అట్లాంటివి చాలా ఉన్నయి) ప్యాకింగులో ట్రైనీ అని పెట్టుకున్నరు. పని ఏందంటే టవల్‌ను మూడు మడతలు పెట్టాలె, కాగితం పట్టీ తొడగాలె, ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేపు అంటించాలె, డబ్బాకు డజను లెక్క సర్దాలె. "ఎన్ని రోజులకు వచ్చిందిరా?" అని అడిగిన. నవ్విండు. "తాతా, మధ్యాహ్నం డబ్బా తినేలోపే వచ్చింది. సాయంత్రానికి పక్కామెతో సమానంగా కట్టిన" అన్నడు.

మరి మిగిలిన డెబ్బై ఏడు రోజులు ఏం నేర్పుతున్నట్టు?

లెక్క వేద్దాం, నాకు లెక్కలంటే భయం లేదు. నెలకు 26 పనిరోజులు, మూడు నెలలకు 78. హజేరి రోజుకు 400 అనుకుందాం, తక్కువే అనుకుందాం. ఒక్క పిల్లగాని మీద 31,200 రూపాయలు మిగిలినయి. పది మందిని పెట్టుకుంటే 3,12,000. మూడు నెలలు కాగానే "మీ పని నచ్చలేదు" అని ఈ పది మందిని పంపి ఇంకో పది మందిని తెచ్చుకుంటే? ఏడాదంతా ప్యాకింగు ఖాతా పుణ్యానికి నడుస్తది. ఇంకోవైపు చూడండి. ఆ పిల్లగాడు రిక్షాకు రోజుకు 40 పెడితే 78 రోజులకు 3,120. ఆ పైసలు ఎక్కడివి? వాళ్లమ్మ బీడీలు చుట్టి తెచ్చినవి. అంటే పగార్ లేకపోవడమే కాదు, ఆ యూనిట్‌ను నడపడానికి ఒక బీడీ కార్మికురాలు ఎదురు పైసలు ఇస్తున్నదన్నమాట. దీన్ని ట్రైనింగ్ అంటే నేను ఒప్పుకోను.

మాలకుల మాట కూడా విన్న. "కొత్తోళ్లు సరుకు పాడుచేస్తరు, టైముకు రారు, నాలుగు రోజులు చూసి వెళ్లిపోతరు" అంటరు. అందులో కొంత నిజం ఉంది. కొత్తోడిని వారం రోజులు చూసుకోవడం తప్పు కాదు. కానీ ఆ వారానికి కూడా హజేరి ఇచ్చి చూడొచ్చు గదా. ఇంకో మాట అంటరు, "సర్టిఫికెట్ ఇస్తం, అనుభవం వస్తది" అని. మడత పెట్టిన అనుభవం ఏ మిల్లు గేటు తెరుస్తది?

మా కాలంలో మిల్లులు బంగారం అని నేను చెప్పను. 1977లో నేను బదిలీగా గేటు దగ్గర నిలబడ్డ. పర్మనెంటు మనిషి రాకపోతే ఆ రోజు మనకు పని, వస్తే వాపస్ ఇంటికి. జాబర్‌ను మంచి చేసుకోనిదే పేరు పిలిచేటోడు కాదు. అన్యాయమే. కానీ లోపలికి పోయి ఎనిమిది గంటలు చేసిన రోజు హజేరి పడేది. లోపలికి పిలిచి, పని చేయించుకొని, ఉత్త చేతులతో పంపడం ఆ బదిలీ పద్ధతిలో కూడా లేదు.

మన తాతలు తెలంగాణ నుంచి ఇక్కడికి ఎందుకు వచ్చిన్రు? కరువు, అప్పు, నేతకు గిరాకీ లేకపోవడం, కొన్ని ఊళ్లల్లో దొర ఇంట్లో వెట్టి. మిల్లులల్ల చెమటకు పైసా దొరుకుతదని నడిచి వచ్చినోళ్లు ఉన్నరు. మరాఠీలో చేతిపని తెలియని కూలీని ఇప్పటికీ "బిగారి" అంటరు. బిగార్ అంటే వెట్టే. మన రాజ్యాంగం 23వ అధికరణంలో ఆ మాటే ఉంది, బేగార్ చేయించుకోవడం నిషేధం అని. 1982లో ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది కూడా బలవంతపు చాకిరే అన్నది. కట్టేసి కొడితేనే బలవంతం కాదు, ఆకలితో ఇంకో దారి లేక ఒప్పుకోవడం కూడా బలవంతమే అన్నది. "వాళ్లే ఇష్టపడి వచ్చిన్రు" అనేటోళ్లకు ఈ మాట చెప్పాలె.

చట్టం సంగతి మా మనవరాలు ఇంగ్లీషులో చదివి నాకు విడమరిచి చెప్పింది. 1961 అప్రెంటిస్ చట్టం అని ఒకటుంది. అసలు ట్రైనీ అంటే ఆ చట్టం కింద వచ్చినోడు. వాడితో కాగితం మీద ఒప్పందం రాయాలె, దాన్ని సర్కారు దగ్గర నమోదు చేయాలె, నెల నెలా స్టైపెండ్ ఇయ్యాలె. 2019లో రాసిన రూల్స్‌లో ఐదు నుంచి తొమ్మిది చదివినోళ్లకు నెలకు 5,000, పది పాసైతే 6,000, పన్నెండు పాసైతే 7,000 కంటే తగ్గొద్దని ఉంది. మొత్తం పనివాళ్లలో నూటికి 15 మందికి మించి అప్రెంటిస్‌లను పెట్టుకోవద్దు. 2019లోనే చేసిన వేతనాల కోడ్‌లో కూడా, ఉద్యోగి అంటే ఎవరు అనే చోట, ఆ 1961 చట్టం కింద తీసుకున్న అప్రెంటిస్‌ను పక్కన పెట్టిన్రు. గేటు మీద చాక్‌పీసుతో "ట్రైనీ" అని రాసినంత మాత్రాన కనీస వేతనం ఎగ్గొట్టడానికి లేదు.

సర్కారు పథకాలు కూడా ఉన్నయి. మన మహారాష్ట్రలో 2024లో ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ యోజన వచ్చింది. పన్నెండు పాసైనోళ్లకు నెలకు 6,000, ఐటీఐ, డిప్లొమా వాళ్లకు 8,000, డిగ్రీ వాళ్లకు 10,000, సర్కారే ఖాతాలో వేస్తది. మొదట ఆరు నెలలని పెట్టిన్రు. ఏమీ లేనిదానికంటే మేలే. కానీ గడువు అయిపోయినంక మళ్లీ ఇంట్లోనే కూర్చోవాలంటే పిల్లలకు ఏం మిగిలింది? దాని మీద నాకు అనుమానం పోలేదు.

కోయంబత్తూరు, తిరుప్పూరు వైపు ఉన్న మనోళ్లకు ఇది కొత్త కాదు. అక్కడి స్పిన్నింగు మిల్లులు సుమంగళి పేరుతో ఆడపిల్లలను మూడేండ్లు అప్రెంటిస్‌లని హాస్టళ్లలో పెట్టుకొని, పగార్‌లో భాగం ఆపి, చివర్లో పెళ్లి ఖర్చుకు మొత్తంగా ఇస్తమన్న సంగతి అందరికీ తెలుసు. మధ్యలో జబ్బు చేసి ఇల్లు చేరిన పిల్లలు ఆ పైసల కోసం తిరగవలసి వచ్చింది.

మా వీధి పిల్లగాడు ఏడో వారంలో మానేసిండు. ఇప్పుడు ఒక చిన్న కార్ఖానాలో మగ్గం నేర్చుకుంటున్నడు, మొదటి శనివారం నుంచే సగం హజేరి చేతికి వస్తున్నది. ఆ ఏడు వారాల పైసలు అడుగుదామని వాళ్లమ్మ, ఇంకో ముగ్గురు తల్లులు కలిసి కామ్‌గార్ ఆఫీసుకు పోతున్నరు. ఒక్కరు పోతే గేటు దగ్గరే ఆపుతరు, నలుగురు పోతే కుర్చీ వేస్తరు.

మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా పోతుంటే ముందు ఒప్పందం కాగితం అడగమనండి. ఇయ్యకపోతే ఏ రోజు పోయిండు, ఎన్ని గంటలకు లోపలికి పోయిండు, ఎప్పుడు బయటికి వచ్చిండు అన్నది నోటుబుక్కులో రోజూ రాసి పెట్టమనండి. ఫోన్లో సూపర్‌వైజర్ పంపిన మెసేజులు తుడిచెయ్యొద్దు. హజేరి పుస్తకంలో పేరు లేని పిల్లలకు రేపు ఆఫీసులో చూపించడానికి చేతిలో ఉండేది అవే.