తాతయ్య ట్రంకు పెట్టె తెరిచి చూశారా?

మా తాతయ్యకు 82 ఏళ్లు. ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యారు. పక్షవాతంతో మంచాన పడ్డాక చూసుకోడానికి ఓ మనిషిని పెడదామంటే, ఏజెన్సీ వాళ్లు నెలకు పాతిక వేలు అడిగారు. 'దేశానికి అంత చేశారు కదా, ఇంటికే నర్సును పంపరా?' అంది అత్తయ్య. నాకూ అదే డౌటు. వారం రోజులు ఆఫీసు పనయ్యాక అదే వెతికాను.

నర్సునైతే పంపరు. ఉన్న సాయం కూడా ముక్కలు ముక్కలుగా ఉంది. మనమే ఏరుకోవాలి.

ముందు కనిపించింది కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్. (పొట్టిపేరు సీఏఏ. గూగుల్లో అలా కొడితే పౌరసత్వ చట్టం వస్తుంది, జాగ్రత్త.) ఏడో వేతన సంఘం ప్రకారం మొదట నెలకు 6,750 రూపాయలుగా పెట్టారు. డీఏ 50 శాతం పెరిగినప్పుడల్లా ఇదీ 25 శాతం పెరుగుతుంది. కానీ సర్వీసు వల్ల వంద శాతం వైకల్యం వచ్చి, మనిషి తోడు తప్పనిసరి అని మెడికల్ బోర్డు తేల్చినవాళ్లకే ఇది. రిటైరైన ఇన్నేళ్లకు వచ్చిన పక్షవాతం లెక్కలోకి రాదు. ఆశ పెట్టుకుని నాలుగు రోజులు పోగొట్టుకున్నాం.

మాకు అక్కరకొచ్చింది వేరే. 80 దాటితే బేసిక్ పెన్షన్ మీద 20 శాతం అదనం. 85కి 30, 90కి 40, 95కి 50, వందేళ్లకు అంతకంత. బేసిక్ 20,000 అయితే 4,000, దానిమీద డీఆర్ కూడా. స్పర్శ్ పోర్టల్లో తాతయ్య అకౌంట్ తెరిచి చూస్తే పడుతూనే ఉంది, ఇంట్లో ఎవరికీ తెలీదు!

మందులకు ఈసీహెచ్ఎస్ ఉంది. నాన్న కార్డు పట్టుకెళ్లి నెలకోసారి తెస్తారు. 1996కు ముందు రిటైరైనవాళ్లకు చందా లేదు, అయినా చాలామంది చేరనే లేదు. ఇంట్లోంచే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడాలంటే 2021లో వచ్చిన సెహత్ ఓపీడీ ఉంది. అసలు పెన్షనే లేని మాజీ సైనికులకు, హవల్దార్ ర్యాంకు వరకు, 65 దాటి ఉంటే, కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే పెన్యూరీ గ్రాంటు ఉంది. 2025లో దాన్ని నెలకు 4,000 నుంచి 8,000 చేశారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా అప్లై చేయాలి.

లైఫ్ సర్టిఫికెట్‌కి మనిషిని మోసుకెళ్లక్కర్లేదు. జీవన్ ప్రమాణ్ యాప్ మొహం చూసే పని కానిచ్చేస్తుంది. మధ్యలో కళ్లు ఆర్పమంటుంది. తాతయ్యకు ఒక కన్ను సరిగ్గా మూతపడదు. కిటికీ పక్కకు మంచం జరిపాక మూడోసారికి అయింది. అదీ కాకపోతే 70 రూపాయలకు పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తాడు.

అసలు భయం వేరే చోట మొదలైంది. ట్రంకు పెట్టెలోంచి డిశ్చార్జ్ బుక్, పీపీఓ తీశాం. పీపీఓలో నానమ్మ పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా. పుట్టిన తేదీ అసలు లేనే లేదు. రేపు తాతయ్యకు ఏమైనా అయితే ఫ్యామిలీ పెన్షన్‌కి ఆ ఒక్క అక్షరం అడ్డం పడుతుంది. తేదీ లేకపోతే, ఆవిడకు 80 నిండినా ఆ 20 శాతం దానంతటది రాదు. భర్త ఉండగా ఆయనే రికార్డ్ ఆఫీసుకు రాసుకుంటే సులువు. తర్వాతైతే ఆవిడ ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగాలి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇలాంటి పెట్టెలు ఎన్ని ఉంటాయో!

కుడిచేయి పనిచేయదు కాబట్టి అప్లికేషన్ మీద తాతయ్య ఎడమ బొటనవేలి ముద్ర వేశారు. "సంతకం వచ్చినవాణ్ణిరా నేను" అని రెండుసార్లు అన్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అటెస్ట్ చేయించి మొన్ననే స్పీడ్ పోస్టులో పంపాం. నానమ్మ రోజూ ట్రాకింగ్ చూడమంటోంది.