చేతి నుంచా, తొడ నుంచా?

గోదావరి డెల్టాలోని రాజోలులో ఎవరైనా యాంజియో చేయించుకుని వచ్చారంటే, పలకరించడానికి వెళ్లినవాళ్లు బ్లాకులెన్నో కనుక్కున్నాక అడిగే రెండో మాట: “చేతి నుంచి వేశారా అండీ, తొడ నుంచా?” గుండెకు పంపే సన్నని గొట్టం ఎక్కడినుంచి ఎక్కించారన్నది వాళ్ల ప్రశ్న. చేతి నుంచే అంటే, పెద్దగా కంగారు లేదన్నమాట అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరట సగం నిజమే. మిగతా సగం లెక్కల్లో ఉంది.

మణికట్టు దగ్గర నాడి చూసే ధమని వెడల్పు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఆడవాళ్లలో ఇంకా సన్నం. గజ్జల్లోని తొడ ధమని దానికి దాదాపు మూడింతలు. డెల్టా భాషలో చెప్పాలంటే ఒకటి పంట బోదె, ఇంకోటి పెద్ద కాలువ. బోదెకు గండి పడితే దోసెడు మట్టి చాలు. కాలువకు పడితే ఇసుక బస్తాలు మోయాలి. ఆసుపత్రిలోనూ అచ్చం అంతే. తొడలోంచి గొట్టం తీశాక గట్టిగా అదిమి పట్టి, చాలాచోట్ల పైన ఇసుక మూట కూడా పెట్టి, కొన్ని గంటలు కాలు మడవనివ్వకుండా వెల్లకిలా పడుకోబెడతారు. చేతికైతే గాజులా కనిపించే ప్లాస్టిక్ పట్టీ కడతారు. దాని బుడగలోకి సిరంజితో 13, 15 మిల్లీలీటర్ల గాలి ఎక్కించి, తర్వాత కొంచెం కొంచెంగా తీస్తారు. రక్తం ఊరుతోందో లేదో నర్సుకు పైనుంచే కనిపిస్తుంది. ఈలోగా మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తినొచ్చు.

మణికట్టు ధమని చర్మం కిందే, ఎముక మీదే ఉంటుంది. వేలితో నొక్కినా రక్తం ఆగుతుంది. తొడ దగ్గర సూది కాస్త పైకి పడిందంటే రక్తం పొట్ట వెనక్కి చేరొచ్చు. బయటికి ఏమీ కనిపించదు, బీపీ పడిపోయాకే అనుమానం వస్తుంది.

మాంట్రియల్ డాక్టర్ లూసియన్ కాంపో 100 మందికి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ ప్రయత్నించి, ఆ ఫలితాలు 1989లో ప్రచురించాడు. అసలు పోటీ 2011లో వచ్చిన ‘రైవల్’ అధ్యయనంలో తేలింది. 32 దేశాలు, 7,021 మంది రోగులు. మరణం, గుండెపోటు, పక్షవాతం, పెద్ద రక్తస్రావం అన్నీ కలిపితే చేతి వాళ్లలో 3.7 శాతం, తొడ వాళ్లలో 4 శాతం. అంటే దాదాపు సమానం. కానీ పెద్ద రక్తపు గడ్డ కట్టింది తొడ వాళ్లలో వెయ్యికి 30 మందికి, చేతి వాళ్లలో 12 మందికే. చేతితో మొదలుపెట్టి మధ్యలో దారి మార్చుకోవాల్సి వచ్చింది మాత్రం వెయ్యికి 76 మందికి. తొడ దగ్గర ఆ అవసరం 20 మందికే పడింది. చేతి పద్ధతి ఎక్కువగా చేసే ఆసుపత్రుల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. చెయ్యి తిరిగిన డాక్టరు అనే మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

2015లో 8,404 మందితో వచ్చిన ‘మాట్రిక్స్’లో నెలలోపు మరణాలు వెయ్యికి తొడ వైపు 22, చేతి వైపు 16. 2020లో కెనడా అధ్యయనం ఒకటి 2,292 మంది గుండెపోటు రోగుల్లో చూస్తే ఆ తేడా కనబడలేదు. నా మటుకు నాకు, ప్రాణాల లెక్కలో వాదం పూర్తిగా తెగలేదు. రక్తస్రావం లెక్కలో చెయ్యిదే పైచేయి. ఐరోపా, అమెరికా మార్గదర్శకాలు రెండూ గుండె రక్తనాళాలకు సంబంధించినంతవరకు చేతికే మొగ్గు చూపాయి.

గుండె రక్తనాళాలు దాటితే లెక్క మారుతుంది. గుండెకు వాడే మామూలు గొట్టం (క్యాథెటర్) పొడవు 100 సెంటీమీటర్లు. మణికట్టు నుంచి గుండెకు అది చాలు, మోకాలి కింద మూసుకుపోయిన రక్తనాళానికి చాలదు. గుండె కవాటం మార్చే గొట్టం 14 ఫ్రెంచ్ సైజుదైనా 4.7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. బోదెలో పడవ నడవదు కదా.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి ఇంకోటి. సుమారు 5 శాతం మందిలో మణికట్టు ధమని తర్వాత మూసుకుపోతుంది. అరచేతికి రెండో ధమని ఉంది గనుక చాలామందికి తెలియను కూడా తెలియదు. కానీ రేపు డయాలసిస్‌కు ధమనిని సిరతో కలిపే ఫిస్టులా పెట్టాల్సి వస్తే మొదట చూసేది ఆ మణికట్టునే. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు బల్ల ఎక్కకముందే ఆ మాట డాక్టరు చెవిన వెయ్యాలి.

రాజోలు మనిషికి తిరుగు ప్రయాణం కూడా ఉంది. రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగానో, భీమవరం నుంచి చించినాడ వంతెన మీదుగానో రావాలి. గజ్జల్లో పచ్చి గాయంతో బస్సు సీట్లో కాలు మడిచి కూర్చోవడం తేలిక కాదు. చేతి వాళ్లకు ఆ బాధ లేదు గానీ, కొన్నాళ్లు ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. కొబ్బరికాయలు వలిచి బతికేవాళ్లు ఎడమ చెయ్యి వీలవుతుందా అని అడగొచ్చు. కుడివైపు నిలబడే డాక్టరు అప్పుడు రోగి మీదుగా వంగి పనిచెయ్యాలి కనుక కొందరు అంత సులువుగా ఒప్పుకోరు.