సైకిలు ప్రమాదం: పడి లేచిన తరువాత

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న రాజోలు ప్రాంతం చదునైన నేల. ఎక్కవలసిన మిట్టలు లేవు కనుక కాలువ గట్ల వెంబడి ఎంత దూరమైనా సైకిలు తొక్కవచ్చును. మోటారు వాహనాలు ఇంతగా పెరిగినా బడిపిల్లలు, పాలు పోసేవారు, కొబ్బరి దింపు పనికి పోయేవారు సైకిలును పూర్తిగా విడిచిపెట్టలేదు. అయితే గట్టు దారులు ఇరుకైనవి. ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క పల్లపు చేను. అక్కడినుండి 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే లారీలు, బస్సులు ఒరుసుకొని పోతూ ఉంటాయి.

ఇట్టి దారిలో ఒక మనిషి సైకిలుమీద పోతుండగా వెనుకనుంచి వచ్చిన మోటారు సైకిలు తగిలి క్రిందపడ్డాడనుకొందాం. నలుగురూ పరుగెత్తుకొని వచ్చి లేవదీస్తారు. అతడు బట్టలు దులుపుకొని, “ఏం కాలేదండి, బాగానే ఉన్నానండి” అంటాడు. ఎవరో సోడా త్రాగిస్తారు. హేండిలు సరిచేసుకొని ఇంటిదారి పడతాడు. సాధారణంగా కథ ఇంతటితో ముగుస్తుంది. కొన్నిసార్లు మాత్రం అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

శరీరం చెప్పే అబద్ధం

దెబ్బ తగిలిన మనిషి అబద్ధమాడడు. అతని శరీరమే అతనిని మోసగిస్తుంది. భయం కలుగగానే మూత్రపిండాలపైనున్న గ్రంథులు ఎడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోనికి విడుస్తాయి. గుండె వేగంగా కొట్టుకొంటుంది, కండరాలు బిగుసుకొంటాయి. మెదడు నొప్పి కబురులను కొంతసేపు అణచి ఉంచుతుంది. శత్రువునుండి పారిపోవుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఇందువలన ఎముక చిట్లినవాడు కూడ కొంతసేపు నడిచి పోగలడు. కాబట్టి పడిన వెంటనే చెప్పిన “ఏం కాలేదు” అనే మాటకు సాక్ష్యంగా విలువ తక్కువ.

మెల్లగా పోతున్నాము కదా, పెద్ద దెబ్బ తగలదనుకొనుట కూడ పొరపాటే. సైకిలుపై కూర్చున్నవాని తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తున ఉంటుంది. అంత ఎత్తునుంచి పడిన వస్తువు నేలను తాకేసరికి గంటకు 19 కిలోమీటర్లకు పైబడిన వేగం అందుకొంటుంది. అంటే నిలిచి ఉన్న సైకిలు ప్రక్కకు ఒరిగినా, తల రోడ్డుకు తగిలితే దెబ్బ చిన్నది కాదు.

తలలోని దెబ్బ

చెవికి కొంచెం ముందు, పైగా ఉండే కణత ఎముక పలుచనిది. దానికి లోపలి వైపున ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే కపాలానికి, మెదడుపై పొరకు మధ్య రక్తం చేరుతుంది. ఇట్టి రోగులలో కొందరు మొదట కొద్దిసేపు స్పృహ తప్పి, తరువాత తేరుకొని మామూలుగా మాట్లాడతారు. నిమిషాలో గంటలో గడచిన పిమ్మట రక్తపు గడ్డ పెరిగి మెదడును నొక్కుతుంది. కపాలం పెట్టె వంటిది, సాగదు. అప్పుడు తలనొప్పి హెచ్చుతుంది, వాంతులు, మగత వస్తాయి. ఒక కంటిపాప రెండవదానికంటె పెద్దది కావచ్చును. సకాలంలో శస్త్రచికిత్స జరిగితే ప్రాణం నిలుస్తుంది, ఆలస్యమైతే దక్కదు.

తలకు దెబ్బ తగిలిన అందరికీ ఇట్లు జరుగదు. కాని ఎవరికి జరుగునో పైకి చూచి చెప్పలేము కనుక ఒక రాత్రి, ఒక పగలు తోడు ఉండవలె. రోగిని నిద్రపోనీయకుండా కూర్చోబెట్టనక్కరలేదు. వైద్యుడు ఇంటికి పంపిన తరువాత కూడ, లేపినప్పుడు లేచి తన పేరు, ఊరు సరిగా చెబుతున్నాడా అని చూడవలె. నొప్పి మరచుటకని కల్లుగాని సారాగాని త్రాగించరాదు. ఆ మత్తులో అసలు మగతను పోల్చుకొనలేము. వృద్ధులలోను, రక్తం పలుచబడే మందులు వాడేవారిలోను రక్తస్రావం మెల్లగా సాగి, రోజులు, వారాలు గడచిన పిమ్మట బయటపడవచ్చును.

ఈ మాట రాజోలువారికి మరీ ముఖ్యం. ఇక్కడినుంచి అమలాపురం పోవలెనంటే వైనతేయ దాటవలె, పాలకొల్లు పోవలెనంటే వశిష్ఠ దాటవలె. వంతెనలు వచ్చి రేవులో పడవకోసం ఎదురుచూచే బాధ తప్పినా, తలకు స్కాను తీసి ఆపరేషను చేయగల చోటికి చేరుటకు వ్యవధి పడుతుంది. కనుక లక్షణాలు ముదిరేవరకు ఆగక, మొదటి వాంతితోనే బయలుదేరవలె.

పొట్టలోని దెబ్బ

రబ్బరు పిడి ఊడిపోయిన హేండిలు గొట్టం పడేటప్పుడు పొట్టలో పొడుచుకొనుట పిల్లలలో తరచు జరుగుతుంది. చర్మంపై రూపాయి కాసంత ఎర్రని గుర్తే కనిపించవచ్చును. లోపల కాలేయమో, ప్లీహమో, ప్రేగో చిట్లి ఉండవచ్చును. కడుపునొప్పి, కడుపు గట్టిపడుట, ముఖం పాలిపోవుట, చల్లని చెమట అపాయ సూచనలు. ప్లీహం చిట్లితే ఎడమ భుజం నొప్పి పెట్టుట ఒక వింత. పొట్టను రొమ్మునుండి వేరుచేసే పొరకు నరం మెడనుండి వస్తుంది. భుజపు నరాలదీ అదే మూలం. అందుచేత పొరను రక్తం రాపిడి చేస్తే మెదడు దానిని భుజపు నొప్పిగా భావిస్తుంది.

మొదటి నిమిషాలు

పడినవాడు వెంటనే లేవరాదు. వాహనాల దారిలో ఉంటే తప్ప, ఊపిరి తీసుకొని, వేళ్ళు కదిలించి చూచుకొనవలె. మెడనొప్పి, తిమ్మిరి ఉంటే అక్కడే పడుకొని ఉండవలె. చేరినవారు చేతులు, కాళ్ళు పట్టుకొని ఎత్తరాదు. మెడలో విరిగిన ఎముక వెన్నుపామును కోయగలదు. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోతుంది. ఒకరు వచ్చే వాహనాలను ఆపుచుండగా, మరొకరు 108కి కబురు చేయవలె.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డను గాయంపై పెట్టి, మధ్యలో తీసి చూడక పది నిమిషాలు గట్టిగా నొక్కవలె. కాఫీపొడి, సున్నం అద్దరాదు. గీరుకుపోయిన చోట ఇసుక పోయేవరకు మంచినీటితో కడుగవలె. ధనుర్వాత సూక్ష్మజీవుల బీజాలు మట్టిలోను, పేడలోను ఉంటాయి. అందుచేత ఆ సూది సంగతి వైద్యుని అడుగవలె. చేయి ఊని పడితే మణికట్టు, మెడప్రక్క ఎముక విరుగుట సర్వసాధారణం. వాచిన చోట నూనె రాచి తోమరాదు. వెదురు బద్దలతో కదలకుండ కట్టి తీసుకొనిపోవలె.

సైకిలును కూడ పరీక్షించనిదే ఎక్కరాదు. ముందు ఫోర్కు వంగినదా, చక్రం బ్రేకు రబ్బర్లకు రాచుకొంటున్నదా, హేండిలు చక్రానికి సూటిగా ఉన్నదా అని చూడవలె. దెబ్బతిన్న శిరస్త్రాణం పైకి బాగున్నా మరల పనికిరాదు.

చట్టం ఇచ్చే అండ

పోలీసు కాగితాలకోసం వేచియుండక ముందుగా చికిత్స చేయవలసిన బాధ్యత వైద్యులదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పినది. మంచి మనసుతో సాయపడినవారికి 2019నాటి మోటారు వాహనాల చట్ట సవరణ రక్షణ కల్పించినది. మోటారు వాహనంవలన గాయపడినవారికి ఏడు రోజులలోపల లక్షన్నర రూపాయల వరకు నిర్ణీత ఆస్పత్రులలో నగదు లేని చికిత్స 2025నాటి పథకంలో కలదు. ఢీకొట్టిన వాహనం ఆచూకీ దొరకనప్పుడు, 2022నాటి పథకం ప్రకారం మరణానికి రెండు లక్షలు, తీవ్రమైన గాయానికి యాభైవేలు పరిహారం లభిస్తుంది. సైకిలుకు బీమా లేకపోయినా, ఢీకొట్టిన వాహనపు బీమా అతనికి వర్తిస్తుంది. కనుక వాహనం నంబరు వ్రాసుకొనవలె, పోలీసులకు తెలుపవలె, వైద్యుని చీటీలు దాచుకొనవలె. “ఏం కాలేదు” అని నంబరు తీసుకొనక వదలినవాడు మరునాడు ఎవరిని అడుగును?

పడుట ఎవరి చేతిలోను లేదు. పడిన తరువాతి ఒక పగలు, ఒక రాత్రి మాత్రం ఇంటివారి చేతిలో ఉన్నది. “బాగానే ఉన్నాను” అన్నవానిని నమ్మి పంపివేయక, మరునాటివరకు కనిపెట్టి ఉండుటే నిజమైన ఆప్తుల పని.